ఆశాభంగము - క్రైస్తవ దృష్టి

(పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఆశాభంగమును గూర్చి క్రైస్తవ దృష్టితో కొన్ని మాటలు చెప్పవలసినదిగా సంఘమువారు మమ్ము కోరిరి. మనది భాషనుబట్టి ఏర్పడిన పాఠశాల గాని మతమునుబట్టి ఏర్పడినది కాదు. ఇచ్చట కూర్చున్నవారిలో అన్ని మతములవారును కలరు. అయినను ఎవడును తాను నీరు త్రాగిన బావి రుచినే చెప్పగలడు గాని పరుల బావి రుచిని చెప్పజాలడు. మేము చెప్పునది మీ మీ మార్గములకు అడ్డు రాదని నమ్ముచు ప్రారంభించుచున్నాము.

విషయము పెద్దది. దానిని ఆకాశమునుండి దింపనక్కరలేదు. పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున మా గదికి నడచి వచ్చు ఆశాభంగమునే తీసికొందము. తండ్రి కుర్చీ చూపినను కూర్చుండడు. తల్లి మాటాడదు. పిల్లవాడు గడప దాటక వరండాలోనే నిలిచియుండును. కొంతసేపటికి తండ్రి నోరు విప్పి, "దీనికోసమేనా సార్, మేమింత కష్టపడింది?" అని అడుగును. ఆ ప్రశ్నలో ఎంతో న్యాయమున్నది. తెల్లవారుజామున లేచి కొత్వాల్ చావడి బేరమునకో, కోయంబేడు అంగడికో పోయి, రాత్రి పది గంటలకు ఇల్లు చేరు మనిషి అడుగు ప్రశ్న అది. కాని అందులోని 'మేము' అను మాటను గమనింపుడు. పరీక్ష వ్రాసినవాడు పిల్లవాడు. ఆశ పెట్టుకొన్నవారు పెద్దలు. భంగమైన ఆశ ఎవరిది? రెండు ఆశలును ఒకే దినమున విరిగినవి; రెంటిలో పెద్దదియు, బిగ్గరగా మ్రోగునదియు తల్లిదండ్రులదే. ఆ మ్రోతలో వరండాలోని పిల్లవాని దుఃఖము వినబడదు.

మన భాషలో నిరాశ వేరు, ఆశాభంగము వేరు. నిరాశ యనగా ఆశయే లేకుండుట. ఆశాభంగము ఆశ కలవానికే కలుగును. విత్తనము చల్లని రైతుకు పంట పోయెనను బాధ లేదు గదా! కావున ఆశాభంగము కలిగినదని సిగ్గుపడనక్కరలేదు. అది మనము ప్రేమించితిమనుటకు, పని చేసితిమనుటకు గుర్తు.

క్రైస్తవ గృహములలో ఇట్టి సమయమున రెండు ఓదార్పులు త్వరపడి వచ్చును. మొదటిది, "అంతయు దేవుని చిత్తము" అనుట. రెండవది, "నీ ప్రార్థనలో లోపమున్నది, విశ్వాసము చాలలేదు" అనుట. మొదటి మాట నిజమే కావచ్చును. కాని అది ఏడ్చువానికి తనకు తానుగా ఏడ్పు తీరిన పిమ్మట తోచవలసిన మాట, ప్రక్కనున్నవాడు మొదటి నిమిషముననే అతని నోటిలో కుక్కవలసినది కాదు. రెండవ మాట పుండుమీద కారము చల్లుట. ఎక్కాలు రాని బాలుని భక్తి కొలతువారిని చూచినప్పుడు మాకు నవ్వును కోపమును ఒక్కసారే వచ్చును. గణితములో 35 మార్కులు రాకపోవుటకు సాధారణముగా గణితమే కారణము.

బైబిలు గ్రంథమైతే ఆశాభంగమును దాచలేదు. కీర్తనల గ్రంథములో 88వ కీర్తన మొదలునుండి తుదివరకు మొరయే. చివర ఒక్క వెలుగు కిరణమైనను లేకుండ అది ముగియును. దానిని తీసివేయవలెనని పెద్దలెవరును తలపలేదు. దేవాలయములో పాడుకొను పాటల నడుమనే ఉంచిరి. ఏలీయా ప్రవక్త గొప్ప విజయము పొందిన వెంటనే ప్రాణభయముతో అరణ్యమునకు పారిపోయి, ఒక చెట్టు క్రింద పడి చావు కోరుకొనెను. అప్పుడు దేవదూత వచ్చి ఏమి చేసెను? ఉపదేశింపలేదు, గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును తెచ్చిపెట్టి తినుమనెను. అతడు తిని మరల నిద్రించెను. దూత రెండవసారి వచ్చి మరల తినుమనెను. దేవుడు అతనితో మాటలాడుట ఆ తరువాత చాల దినములకు గాని జరుగలేదు. ఈ వరుసను తల్లులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను: ముందు అన్నము, నిద్ర, మాటలు తరువాత.

లూకా సువార్త చివర ఎమ్మాయు త్రోవ కథ యొకటి యున్నది. యేసు సిలువమీద మరణించిన మూడవ దినమున ఆయన శిష్యులిద్దరు యెరూషలేము విడిచి ఆమడ దూరములోని గ్రామమునకు పోవుచుండిరి. తాము పెట్టుకొన్న ఆశ మట్టిలో కలిసినదని చెప్పుకొనుచు పోవుచుండిరి. మధ్యలో ఒకడు వచ్చి వారితో కలిసి నడచెను. ఆయనయే యేసు, వారు గుర్తింపలేదు. ఆయనకు సంగతి యంతయు తెలియును. అయినను ఏమి జరిగినదని అడిగి, వారి నోటనే కథయంతయు చెప్పించుకొని, తరువాతనే తాను మాటాడెను. ఉపాధ్యాయ వృత్తిలో ఇంతకు మించిన పాఠము మాకు దొరకలేదు. పిల్లవాని కథ మనకు ముందే తెలియును. చరవాణిలో ఆడుకొనుచు కాలము గడిపినాడనియు తెలియును. అయినను అతని నోట విందము.

ఇంతవరకు గ్రంథములోని మాట. ఇక మన నేలమీద, మన తెలుగువారి నడుమ జరిగిన ఒక ఆశాభంగమును కొంత విపులముగా చెప్పెదము. దాని ఆరంభము ఈ చెన్నపట్టణముననే యున్నది.

శామ్యూల్ డే అను అమెరికా బాప్తిస్టు మిషనరీ 1836లో తెలుగువారికి సువార్త చెప్పుటకై ఈ దేశము వచ్చెను. మొదట విశాఖపట్టణము ప్రాంతమున కొంతకాలముండి, 1837లో చెన్నపట్టణము చేరి సుమారు మూడేండ్లు ఇచ్చట గడపెను. ఈ పట్టణమున తెలుగువారున్నను చుట్టునున్నది తమిళదేశము. తెలుగువారి నడుమనే యుండవలెనని ఆయన 1840లో నెల్లూరునకు తరలిపోయెను. (ఈ పట్టణమున తెలుగుతో బ్రదుకుట ఎట్లన్న ప్రశ్న మనతో పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.) నెల్లూరులో బడి పెట్టిరి, పుస్తకములు పంచిరి, సంతలలో బోధించిరి. సంవత్సరములు గడచినవి. చేరినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. డే దొరగారి ఆరోగ్యము చెడి 1846లో స్వదేశము పోవలసివచ్చెను. ఆ మిషనును మూసివేయుదమా యన్న చర్చ అమెరికాలో పుట్టెను. ఆయన పట్టుబట్టి, లైమన్ జెవెట్ అను యువకుని తోడు తీసికొని మరల వచ్చెను. తిరిగి అదే కష్టము, అదే ఫలితము.

అదే కాలమున అదే సంఘమువారు బర్మా దేశమున చేయుచున్న పనిలో కరేను జాతివారు వేలకొలది చేరుచుండిరి. అమెరికాలో సభ జరిగినప్పుడెల్ల ఒకప్రక్క బర్మా లెక్క, ఒకప్రక్క నెల్లూరు లెక్క. ప్రక్కింటి పిల్లవాని మార్కులు తెచ్చి మన పిల్లవాని మార్కుల ప్రక్కన పెట్టుట మనము కనిపెట్టిన విద్య కాదు. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో నెల్లూరును విడిచిపెట్టవలెనను మాట గట్టిగా వచ్చెను. మిషను స్థలముల పటములో తెలుగు దేశమునకు ఒకే ఒక్క గుర్తు నక్షత్రమువలె ఉండుటచేత ఒకరు దానిని ఒంటరి నక్షత్రమనిరి. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి, అమెరికావారి ప్రసిద్ధ దేశభక్తి గీతము వ్రాసినవాడే, ఆ మాటమీద చిన్న పద్యమొకటి వ్రాసెను. మరునాడు దానిని సభలో చదివిరి. మిషను నిలిచినది. ఒంటరి నక్షత్రపు మిషను అను పేరు దానికి స్థిరపడినది. పద్యమునకు అంత బలముండునా యని సందేహించువారికి, అప్పుడప్పుడు ఉండునని చెప్పక తప్పదు.

1854 జనవరి 1వ తేదీ వేకువజామున జెవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, వెరసి ఐదుగురు, ఒంగోలు ఊరి ప్రక్కనున్న కొండ యెక్కి, ఆ ఊరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యనుచున్నారు. మరి బోధకుడెప్పుడు వచ్చెను? మరునాడు కాదు, మరు సంవత్సరము కాదు. పండ్రెండేండ్లు పైబడిన తరువాత, 1866లో, జాన్ క్లౌ అను ఆయన ఒంగోలులో కాపురము పెట్టెను. ఈలోపల 1862లో మిషనును మూయవలెనన్న మాట మరియొకసారి వచ్చెను. ఒంటరిగానైనను పోయి ఆ ప్రజల నడుమనే బ్రదికి చత్తునని జెవెట్ చెప్పగా ఆ మాట ఆగిపోయెను.

క్లౌ దొరగారికి కలిగిన ఆశాభంగము బడి నడుపు మాకు మరింత దగ్గరిది. ఒంగోలులో ఆయన బడి తెరువగా అగ్రకులముల బాలురు వచ్చి చేరిరి. ఊరిలోని పెద్దలు ఆదరించుచుండిరి. వీరు మారినచో దేశమంతయు మారునని ఆయన ఆశ. అదే సమయమున పడమటి పల్లెలనుండి ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకము చేయువాడు, తనంతట తాను వచ్చి బాప్తిస్మము పొంది, తనవారి నడుమ బోధింప మొదలిడెను. ఆయన వెంట ఆయనవారు రాసాగిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దలు చెప్పిరి. ఏమి చేయవలెను? క్లౌ దొరగారును ఆయన భార్యయు వేర్వేరు గదులలో కూర్చుండి బైబిలు తెరువగా ఇద్దరికిని ఒకే భాగము కంటబడినదట: కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము తక్కువగా చూచువారినే దేవుడు ఏర్పరచుకొనెనన్న భాగము. పేరయ్యవారిని చేర్చుకొనిరి. బడి ఖాళీ అయినది. కష్టపడి కూర్చిన బడి ఖాళీ యగుట ఎట్టిదో బడి నడిపినవారికి తెలియును. అయితే ఆయన కోరినది ఏ తలుపునుండి రాలేదో, ఆ తలుపునే చూచుచు కూర్చుండలేదు. తెరచుకొన్న తలుపువైపు తిరిగెను. దీనిని మేము గొప్ప సంగతిగా ఎంచుచున్నాము. మనలో అనేకులము మూసిన తలుపు ముందరనే జీవితమంతయు గడపుదుము. ఇంజనీరింగు సీటు రాలేదని బిడ్డ చేతి వ్రాతను, వడ్రంగమును, సంగీతమును, లెక్కల పుస్తకము వెనుక గీసిన బొమ్మలను కన్నెత్తి చూడని తండ్రులను మేము ఎరుగుదుము.

తరువాత 1876-78 నాటి గొప్ప కరవు వచ్చెను. మద్రాసు రాజధానిలో లక్షలాది జనులు చచ్చిరి. ఆ కరవు పనులలో ఒకటి బకింగ్‌హాం కాలువ. మన పిల్లలు దినదినము దాటి వచ్చు కాలువయే అది. కూవమునకును అడయారునకును నడుమనున్న సుమారు 8 కిలోమీటర్ల భాగమును 1877-78లో ఆకలిగొన్న జనులు త్రవ్విరి. నేడు దానిపైన రైలు పోవుచున్నది, క్రింద మురుగు పారుచున్నది. అది వేరు కథ. క్లౌ దొరగారు మిషనరీ కాకమునుపు అమెరికాలో భూములు కొలుచు సర్వేయరు. ఆ పాత విద్య ఇప్పుడు పనికివచ్చెను. ఒంగోలు ప్రాంతమున ఆ కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించుటకు కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలియు అన్నమును దొరకునట్లు చేసెను. బోధకులే మేస్త్రీలై నిలిచిరి. ఆకలిగొన్నవారు మతము పుచ్చుకొందుమని గుంపులుగా వచ్చినను, అన్నమునకై వచ్చుచున్నారేమో యని శంకించి ఇంచుమించు పదునైదు మాసములు ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కరవుపనులు ముగిసి, ఇచ్చుటకు ఇక కూలి లేదని చెప్పిన పిమ్మటను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి, ఆ పని చేసిరి. అదే 1878లో జెవెట్ దొరగారు చెన్నపట్టణమునకు వచ్చి ఇచ్చటి తెలుగువారి నడుమ పని ప్రారంభించెను.

ఈ కథను ప్రసంగములలో సాధారణముగా ఇచ్చట ముగించి, ఓపిక పట్టిన ఫలము దొరకునని చెప్పుదురు. మాకు ఆ ముగింపు చాలదు. శామ్యూల్ డే సంగతి ఏమి? ఆయన 1853లో ఆరోగ్యము చెడి రెండవసారి దేశము విడిచెను; మరల రాలేదు. 1871లో అమెరికాలో మరణించెను. గుండ్లకమ్మ దినమునకు ఏడేండ్లు ముందు. ఒంగోలులో పని పెరుగుచున్నదను వార్త ఆయన బ్రదికియుండగనే మొదలైనది గాని, ఆ జూలై దినమును ఆయన చూడలేదు. తన యౌవనమును ఆరోగ్యమును పెట్టిన పనికి ఆయన కన్నులతో చూచిన ఫలము స్వల్పము. ఓపిక పట్టినవారందరికి కోరినది దొరకునని చెప్పినచో డే దొరగారి సమాధి మనలను అబద్ధికులనును. మోషే నలువదేండ్లు నడపిన జనము వాగ్దాన దేశము చేరినది. ఆయన నెబో కొండమీదనుండి చూచి అచ్చటనే కన్నుమూసెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో విశ్వాసవీరుల పట్టికయంతయు చెప్పి, వీరు వాగ్దానఫలమును అనుభవింపకయే మృతి పొందిరని ఆ గ్రంథకర్త దాపరికము లేక వ్రాసెను. గెత్సేమనే తోటలో యేసు తానే ఒక గిన్నె తననుండి తొలగవలెనని ప్రార్థించెను. అది తొలగలేదు.

కావున క్రైస్తవ విశ్వాసము ఆశాభంగమునకు టీకా మందు కాదు. అది మాకు ఇచ్చినది మరియొకటి: మన లెక్క మూసివేసిన దినమున దేవుని లెక్క మూయబడలేదని. 1853 నాటి లెక్కపుస్తకము చూచిన న్యాయమైన మనిషి ఎవడైనను నెల్లూరును మూయుమనియే చెప్పియుండును. వారు మూర్ఖులు కారు. వారి అంకెలు నిజమైనవే. పేరయ్య యను మనిషి పడమటి పల్లెలలో నున్నాడని ఆ అంకెలలో లేదు, అంతే. పదునైదేండ్ల బాలుని మార్కుల కాగితము చూచి వాని జీవితము ముగిసినదనువారు అంతకంటె తక్కువ సామగ్రితో తీర్పు చెప్పుచున్నారు.

ఇక మన పాఠశాల సంగతి రెండు మాటలు. తెలుగు మాధ్యమమున పిల్లలు తగ్గుచున్నారను దుఃఖము ఈ సంఘమున ప్రతి సమావేశమునను వినబడును. 2006 నాటి చట్టముననుసరించి తమిళము ఒకటవ తరగతినుండి ఏటేట ఒక్క తరగతి చొప్పున పైకి వచ్చి, 2016 పరీక్షనాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల మెట్లెక్కిరి. కొన్ని సంవత్సరములు మినహాయింపులు లభించినవి. ఆ పోరాటమును మేము తక్కువ చేయము. ఇచ్చటనే బ్రదుకవలసిన పిల్లలు తమిళము బాగుగ నేర్చుకొనుట వారికి లాభమే యనియు, దానికొరకు తెలుగును విడువనక్కరలేదనియు మా అభిప్రాయము. ఈ బడి ముప్పదేండ్ల తరువాత ఉండునా యని కొందరు అడుగుదురు. మేము పదవీ విరమణ చేసిన పిమ్మటగాని దానికి జవాబు తెలియదు. బహుశః మాకు తెలియనే తెలియదు. డే దొరగారికి కూడ తెలియలేదు. ఆయన మాత్రము తాను ఉన్నన్నాళ్లు బడి గంట కొట్టించెను. మేమును రేపు ఉదయము కొట్టింతుము.

మరల వరండాలో నిలిచిన పిల్లవానివద్దకు వత్తము. ఫలితములు వచ్చిన దినమున తల్లిదండ్రులను మేము కోరునవి కొద్దియే. ఆ దినమున పిల్లవానిని, ముఖ్యముగా ఆడపిల్లను, ఇంటిలో ఒంటరిగా విడువకుడు. తండ్రి పనికి పోక తప్పనిచో పిన్నమ్మనో, మేనమామనో, తాతగారినో తోడుంచుడు. చుట్టములకు మార్కులు చెప్పుట సాయంకాలమువరకు వాయిదా వేయుడు; వారు అడుగక మానరు గాని ఆలస్యమైనందున వారికి నష్టము లేదు. అన్నము పెట్టుడు. పిల్లవాడు చెప్పినది వినుడు, మధ్యలో అడ్డుపడకుడు. ప్రక్కింటి పేరు ఎత్తకుడు. బిడ్డ మాటలలో బ్రదుకు వద్దన్న ధోరణి కొంచెమైనను కనబడినచో దానిని బెదిరింపుగా తలచి కోపపడవలదు. వెంటనే మాకు ఫోను చేయుడు. ఏ వేళనైనను సరే. ప్రభుత్వమువారు నడుపు మానసిక ఆరోగ్య సహాయపు నంబరు 14416 కలదు; దానిని ఇంటి గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. ప్రార్థన చేయువారు పిల్లవానితో కలిసి చేయుడు గాని, పిల్లవానికి వినబడునట్లు వాని తప్పులు దేవునికి విన్నవింపకుడు. అది ప్రార్థన రూపమున తిట్టుట.

తప్పిన పాఠ్యాంశమునకు సప్లిమెంటరీ పరీక్ష ఒకటి రెండు మాసములలోనే యుండును. అందు ఉత్తీర్ణుడైనవానికి ఆ సంవత్సరము పోదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇండ్లలో ఎంత ఏడ్పో!

ఫలితముల దినమున ఉదయము 9 గంటలనుండి సాయంకాలము 6 గంటలవరకు మన పెద్ద గది తెరచియుండును. తరగతి ఉపాధ్యాయులందరు అచ్చటనే యుందురు. ఉత్తీర్ణులైనవారును కానివారును ఒకే గదిలోనికి రావలెనని మా కోరిక. వేరు వేరు వరుసలు ఉండవు. మార్కుల కాగితము తేనక్కరలేదు, పిల్లవానిని తీసికొని రండు. సప్లిమెంటరీ దరఖాస్తులను మరునాటినుండి ఆఫీసు గదిలో మేమే దగ్గర కూర్చుండి నింపించెదము.